ఐరోపా బళ్ళలో ఒక తాంబూలం

ఇరవై ఏళ్ళకు పైగా ఐరోపా ఖండాన్ని గోడకు వేలాడదీసి బెత్తంతో చూపిస్తూ పాఠం చెప్పినదాన్ని. రైన్ నది ఎక్కడ పుట్టి ఎక్కడ సముద్రంలో కలుస్తుందో నిద్రలో లేపి అడిగినా చెప్తాను. కాకపోతే పుంగనూరు దగ్గర మా హైస్కూల్లో ఉన్న ఆ మ్యాపును ఎప్పుడో ఎలకలు కొరికేశాయి. నెదర్లాండ్స్ ఉండాల్సిన చోట ఇంత బొక్క ఉంటుంది. "టీచర్, ఆడ ఏముండాది?" అని పిల్లలడిగితే "సముద్రం కంటే పల్లంలో ఉన్న దేశంరా" అని తప్పించుకునేదాన్ని. పోయిన మే నెలలో ఆ బొక్కలోకి కూడా దిగి చూసొచ్చాను. వచ్చినప్పటి నుంచి కనబడిన వాళ్ళకంతా చెప్తూనే ఉన్నాను. చెప్పేవాడికి వినేవాడు లోకువ అని మా స్టాఫ్‌రూములో నన్ను చూసి తప్పుకుంటున్నారు కాబట్టి, ఇక రాయడమే మేలనిపించింది.

నన్ను పిలిపించుకున్నది మా అక్క కూతురు మాధవి. అది మదనపల్లె పిల్ల, దాని మొగుడు సుధాకర్‌ది కుప్పం. జర్మనీలో న్యూరెంబర్గ్ పక్కన ఒక చిన్న ఊళ్ళో ఉంటారు. వాళ్ళకు ఒక్కతే కూతురు లాస్య, నాలుగో తరగతి.

"చిన్నమ్మా, లాస్య సదువు సంగతి తేలేది ఈ నెల్లోనే. నువ్వు టీచరువి గదా, పక్కనుంటే నాకు దైర్నంగా ఉంటాది," అని మాధవి ఫోన్లో ఏడుపు గొంతుతో అంది.

నాలుగో తరగతిలో తేలేదేముంటుంది అనుకున్నాను. అక్కడికి పోయాక తెలిసింది. ఆ రాష్ట్రంలో పిల్లలకు పదేళ్ళు రాగానే మూడు దారులుగా విడదీస్తారు. ఒక దారి గిమ్నాజియం అనే పెద్ద బడికి, అక్కణ్ణించి నేరుగా యూనివర్సిటీకి. మిగతా రెండు దారులు ఆఫీసు పనులకూ చేతి పనులకూ పోతాయి. తర్వాత దారి మారొచ్చట గానీ, అది కిందినుంచి కొండెక్కినంత పని. పదేళ్ళ పిల్ల, ఇంకా పాలపళ్ళు రెండు ఊడాల్సి ఉంది, దాని దారి ఈ నెలలో రాసేస్తారు!

ఒకటి గొప్ప, ఆరు చెత్త

దిగిన రోజే ఒక తప్పు చేశాను. లాస్య లెక్కల నోటు తెరిచి చూస్తే ఎర్ర సిరాతో '1' అని వేసుంది. పాపం పిల్ల అనుకొని దగ్గరికి తీసుకొని, "పోనీలే తల్లీ, సున్నా అయితే కాదు గదా, ఒకటన్నా వచ్చిండాది. నేను నేర్పిస్తాలే," అన్నాను. లాస్య చిన్నగా నవ్వి ఊరుకుంది.

సాయంకాలం మాధవి ఆఫీసు నుంచి వచ్చి తల పట్టుకుంది. ఆ దేశంలో ఒకటంటే అన్నిటికంటే గొప్ప మార్కు, ఆరంటే అట్టడుగు. పూర్తి మార్కులు తెచ్చుకున్న పిల్లను పట్టుకొని నేను మధ్యాహ్నమంతా ఓదార్చానన్నమాట.

"యాలమ్మా నాకు చెప్పలేదు?" అని లాస్యనడిగాను.

"నువ్వు పెద్దదానివి గదా చిన్నవ్వా," అంది అది.

దాని నోటి నుంచి రోజుకు నాలుగు మాటలు రాలితే గొప్ప. ఒకటో తరగతి సగం దాకా మదనపల్లెలో చదివింది, అక్కడ బళ్ళో నోటిమీద వేలేసుకొని కూర్చోవడం బాగా నేర్చుకుంది. అది కాక ఆదివారం ఆదివారం కుప్పంలో ఉన్న నాయనమ్మ వీడియో కాల్ చేస్తుంది. ఆమెను లాస్య కుప్పమవ్వ అంటుంది, నన్ను చిన్నవ్వ అంటుంది. కుప్పమవ్వ ఫోను పెట్టే ముందు ప్రతిసారీ చెప్పేది ఒక్కటే మాట: "పెద్దోళ్ళ ముందర నోరెత్తగూడదు తల్లీ. బుద్దిగా ఉండాల." నాకూ అందులో తప్పేమీ కనబడలేదు. నా క్లాసులో చీమ చిటుక్కుమన్నా వినబడుతుందని మండలమంతా పేరు మరి.

మర్నాడు పొద్దున్నే వీధిలో నిలబడి పిల్లలు బడికి పోవడం చూశాను. ఆరేళ్ళ పిల్లలు వాళ్ళంత సంచీలు వీపున వేసుకొని ఒంటరిగా నడిచి పోతున్నారు. వెంట అమ్మ లేదు, ఆటో లేదు. మన దగ్గర యూకేజీ పిల్లవాణ్ణి దించడానికి తాత, నాన్న, స్కూటరు, మూడూ కావాలి. మధ్యాహ్నం ఒంటి గంట లోపే బడి అయిపోతుంది, మళ్ళీ నడిచి వచ్చేస్తారు. తిండి మాత్రం అన్యాయం! చల్లటి రొట్టె, మధ్యలో ఒక దోసకాయ ముక్క. మా బళ్ళో వేడివేడి అన్నం, గుడ్డు, చిక్కీ, రాగిజావ పెడతామని మాధవి పక్కింటామెకు చెప్పించాను. "అందరికీనా? ఉచితంగానా?" అని ఆమె రెండుసార్లు అడిగింది. ఆ రోజు నేను మెడ నిక్కించుకొని తిరిగాను. టమోటాలు కిలో మూడు యూరోలని చూసినప్పుడు మాత్రం మదనపల్లె మార్కెట్టు గుర్తొచ్చింది. ధర పడిపోయిన రోజు మనవాళ్ళు రోడ్డున పారబోసే కాయలు ఇక్కడ వరుసగా పేర్చి, దుమ్ము తుడిచి అమ్ముతున్నారు.

పట్టు రవికె గుడ్డ

లాస్య క్లాసు టీచరు పేరు ఫ్రావ్ కెల్లర్. ఫ్రావ్ అంటే మన శ్రీమతి లాగా. సర్టిఫికెట్లు ఇచ్చే ముందు తల్లిదండ్రులను ఒక్కొక్కరినే పిలిచి మాట్లాడుతుంది. మాధవి వెంట నేనూ బయలుదేరాను.

ఉత్త చేతులతో టీచరు దగ్గరికి పోతామా? ఆ ఊళ్ళో ఒక శ్రీలంక తమిళాయన కొట్టు ఉంది. అక్కడ తమలపాకులు, వక్కలు, అరటిపళ్ళు, టెంకాయ కొన్నాను. టెంకాయ రెండున్నర యూరోలు. ఎంత బేరమాడినా ఆయన నవ్వాడే గానీ తగ్గలేదు. మదనపల్లెలో నేసిన పట్టు రవికె గుడ్డ ఒకటి ఊరి నుంచే తెచ్చుకున్నాను. అన్నీ పళ్ళెంలో పెట్టి, మీద కండువా కప్పి పట్టుకున్నాను.

"చిన్నమ్మా, ఇవన్నీ వద్దు," అని మాధవి దారి పొడుగునా గొణిగింది.

"నీకు తెలీదు, నువ్వూరుకో. నేనే టీచరు, టీచరుకు ఏం కావాలో నాకు తెలీదా?" అన్నాను.

ఫ్రావ్ కెల్లర్ నా వయసుదే. పొట్టి జుట్టు, చేతికి అంటిన రంగులు, చూడగానే నచ్చింది. నాకు అర్థం కావాలని పాపం ఇంగ్లీషులోనే మాట్లాడింది. లాస్యకు రాతలో అన్నీ ఒకట్లూ రెండ్లూ. కానీ అక్కడ నోటికీ మార్కులున్నాయి. పాఠం జరిగేటప్పుడు వేలెత్తి ఎంత మాట్లాడారో, ఏమడిగారో, దానికి. ఆ మార్కు లాస్యకు నాలుగు. అన్నీ కలిపితే గిమ్నాజియానికి కొంచెంలో తప్పిపోయింది.

"ఆ పిల్లకు అన్నీ తెలుసు. తెలుసని నాకు చెప్పదు. చెప్పనిదానికి నేను మార్కు ఎలా వెయ్యను?" అంది ఫ్రావ్ కెల్లర్. గొంతులో కోపం లేదు, నిజంగా బాధపడుతోంది.

మాధవి కళ్ళనిండా నీళ్ళు. వాతావరణం తేలికపరుద్దామని నేను లేచి, కండువా తీసి, పళ్ళెం ఆమె ముందుకు చాపాను. "మా ఆనవాయితీ, తీసుకోండి," అన్నాను.

ఆమె చూపు పట్టు మీద పడింది. రెండు చేతులూ వీపు వెనక్కి పెట్టేసుకొని, కుర్చీతో సహా ఒక అడుగు వెనక్కి జరిగింది. ముఖం ఎర్రబడిపోయింది.

"నేను ప్రభుత్వ ఉద్యోగిని. ఇది నేను తీసుకోకూడదు. అందులోనూ ఈ వారంలో!"

అప్పుడు వెలిగింది నాకు. లంచం అనుకుంది! మాధవి తల వంచేసి నేలలోకి దూరిపోయేట్టు ఉంది. నాకు మాత్రం ఒళ్ళు మండింది. ముత్తైదువకిచ్చిన తాంబూలాన్ని వద్దనడం మా ఏడు తరాల్లో ఎవరూ ఎరగరు. పళ్ళెం వెనక్కి తీసుకోవడానికి నా చేతులు రాలేదు. తీసుకోవడానికి ఆమె చేతులు రాలేదు. ఇద్దరు టీచర్లం ఒక టెంకాయకు అటూ ఇటూ బిగుసుకుపోయాం.

చివరికి ఆమే తేరుకుంది. "నాకు వద్దు. క్లాసుకు ఇవ్వండి. పిల్లలందరికీ అంటే నిబంధన ఒప్పుకుంటుంది. కానీ ఇందులో ఏది ఏమిటో వాళ్ళకు ఎవరు చెప్తారు?"

"నేను చెప్తా!" అన్నాను. అలాంటి అవకాశం నేను వదులుతానా?

"మీకు జర్మన్ రాదుగా," అని ఫ్రావ్ కెల్లర్ నవ్వింది. "లాస్య చెప్పాలి."

టెంకాయ పాఠం

రెండు రోజుల తర్వాత ఆ క్లాసులో అడుగు పెట్టాను. బల్లలు గుంపులు గుంపులుగా వేసున్నాయి, టీచరు కుర్చీ ఎక్కడో మూలనుంది. ఆమె ఏదో అడగ్గానే పిల్లలందరూ చూపుడువేలు పైకెత్తారు. ఊరికే ఎత్తడం కాదు, ఇంకో చేత్తో మోచెయ్యి పట్టుకొని, సీట్లోంచి సగం లేచి, 'నన్నడుగు నన్నడుగు' అన్నట్టు. మా బళ్ళో వేలెత్తితే ఒక్కటే సంగతి, బయటికి పోవాలని. ఇంతమందికీ ఒకేసారి అవసరం పడిందా అని ఒక్క క్షణం హడలిపోయాను.

లాస్య నా పక్కన నిలబడింది, చేతులు కట్టుకొని. నేను మొదలుపెట్టాను. తమలపాకు లక్ష్మి అన్నాను, ఆకుకు తొడిమ ఎటుండాలో చెప్పాను, మా అమ్మ కాలంలో పెళ్ళి పిలుపులకు ఎన్ని కట్టల ఆకులు పట్టేవో చెప్పాను. నేను పేరాలు చెప్తుంటే లాస్య ముక్కలు చెప్తోంది, అదీ దానికే వినబడేట్టు. పిల్లలు కిటికీలోంచి బయటికి చూడ్డం మొదలుపెట్టారు.

అప్పుడు యోనాస్ అనే చారల చొక్కా అబ్బాయి వేలెత్తి ఏదో అడిగాడు. నేను "ఏమంటాండాడు?" అని లాస్యను అడిగేలోపే అది వాడికి జవాబు చెప్పేసింది. ఇంకొకరు అడిగారు. ఇంకొకరు. నాకు అనువాదం చేసే తీరిక దానికి లేకపోయింది. కట్టుకున్న చేతులు విప్పింది, ఆకు మడిచి చూపించింది, వక్కను పళ్ళ సందున పెట్టి కొరికినట్టు నటించింది, నాలుక ఎర్రగా చాపింది. ఆ గదిలో ఆ సంగతి తెలిసినది అదొక్కతే, అది దానికి అర్థమైపోయింది. నేను మెల్లగా పోయి ఒక చిన్న కుర్చీలో కూర్చున్నాను. ఒక క్లాసులో నేను నోరు మూసుకొని కూర్చోవడం, అదీ సంతోషంగా, నా సర్వీసులో అదే మొదలు.

యోనాస్ మళ్ళీ ఏదో అడిగాడు. లాస్య ఫ్రావ్ కెల్లర్ వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసి చెప్పింది. క్లాసంతా గొల్లుమంది. ఫ్రావ్ కెల్లర్ రెండు చేతుల్లో ముఖం దాచుకొని నవ్వింది.

తర్వాత అడిగాను, ఏం చెప్పావని. "ఇచ్చింది తీసుకోకపోతే ఏమైతాది అని అడిగినాడు చిన్నవ్వా. ఇచ్చినామె మనసు నొచ్చుకుంటాది, ఇంటికి పోయి అదే మాట చెప్తానే ఉంటాది అన్నాను. నిజమే గదా?"

నిజమే. కాదనడానికేముంది.

టెంకాయ కొట్టే ముందు ఫ్రావ్ కెల్లర్ ఏ పిల్లకు ఏ తిండి పడదో రాసి ఉన్న కాగితం తెచ్చి చూసుకుంది. బడి మెట్టుమీద లాస్యే కొట్టింది, మూడు దెబ్బలకు. నీళ్ళు ఎగిరి ఫ్రావ్ కెల్లర్ కళ్ళద్దాల మీద పడ్డాయి. పిల్లలు కేకలు. పట్టు గుడ్డను గోడకు బిగించి కింద 'నాలుగో తరగతిది' అని రాసుకున్నారు.

కానీ మార్కులు అప్పటికే మూసేశారు. "నెల ముందు ఇలా మాట్లాడి ఉంటే!" అంది ఫ్రావ్ కెల్లర్, నన్ను సాగనంపుతూ. ఇంకొక్క దారి మిగిలింది. కొంచెంలో తప్పిన పిల్లల్ని గిమ్నాజియం వాళ్ళే పిలిపించుకొని మూడు రోజులు పరీక్షిస్తారు. రాయిస్తారు, క్లాసులో కూర్చోబెట్టి పాఠం చెప్పి, ఎవరు ఎలా మాట్లాడుతున్నారో కూడా చూస్తారు. అక్కడ లాస్య ఎవరో ఎవరికీ తెలీదు. అక్కడ టెంకాయ ఉండదు.

గేటు బయట ఫ్రాన్సు

ఆ పరీక్షకు ఇంకా రోజులున్నాయి. నేనింట్లో ఉంటే లాస్యకు సలహాలు చెప్పి చంపుతానని మాధవికి భయం. సుధాకర్ ఆఫీసు పనిమీద కారులో స్ట్రాస్‌బర్గ్, అక్కణ్ణించి నెదర్లాండ్స్ పోతుంటే నన్నూ ఎక్కించి పంపేసింది. రైన్ నది వంతెన మీద కారు పోతుంటే నేను చప్పట్లు కొట్టాను. "అత్తా, ఇది నదే గదా, దానికి చప్పట్లెందుకు?" అని సుధాకర్ నవ్వాడు. బెత్తంతో అన్నేళ్ళు గీసిన గీత నీళ్ళై పారుతుంటే ఎవరైనా కొడతారు.

స్ట్రాస్‌బర్గ్‌లో బడి లోపలికి ఎవర్నీ రానివ్వరు. గేటు కమ్మీల్లోంచి ఫొటో తీయబోతే లోపలినుంచి ఒకాయన చెయ్యి ఊపుతూ పరుగెత్తుకొచ్చాడు. పిల్లల ఫొటోలు తీయకూడదట. చేతులు జోడించి ఫోను సంచిలో వేసుకున్నాను. ఆ గేటుకే ఆ వారం భోజనాల పట్టిక అతికించి ఉంది. ముందు సలాడు, తర్వాత చేప, తర్వాత చీజు, తర్వాత పండు. బడి పిల్లలకు పెళ్ళి భోజనం!

మనవడి కోసం వచ్చిన ఒక ముసలావిడ నా చీర చూసి పలకరించింది. ఎన్నాళ్ళో హోటల్లో పని చేసిందట, ఇంగ్లీషు నాకంటే నెమ్మదిగా మాట్లాడినా బాగా మాట్లాడింది. ఫ్రాన్సులో పదిహేనేళ్ళ దాకా అందరూ ఒకే బళ్ళో చదువుతారంది. జర్మనీలో పదేళ్ళకే విడదీస్తారని చెప్తే ముక్కు విరిచింది.

"పదేళ్ళవాడికి చెప్పుల సైజే ఆరు నెలలు నిలవదు. వాడి బతుకు సైజు ఎవరు కొలుస్తారు?"

మరి మీ పిల్లలు క్లాసులో బాగా మాట్లాడతారా అని అడిగాను. "మావాళ్ళా? మా పంతుళ్ళు మాట్లాడనిస్తే కదా!" అంది. అబ్బ, ఎంత చల్లగా అనిపించిందో! ఫ్రాన్సులో కూడా నాలాంటివాళ్ళున్నారు.

ఇద్దరం కలిసి కాఫీ తాగాం. నాలుగు యూరోల కాఫీ, గుక్కెడు కూడా లేదు. ఆ డబ్బుకు పుంగనూరు బస్టాండులో మా స్టాఫంతా టిఫిను తిని, పైన టీ కూడా తాగొచ్చు.

బొక్కలో దిగాను

నెదర్లాండ్స్‌లో ఐండ్‌హోవెన్ అనే ఊరు. మాధవితో మదనపల్లెలో ఇంజనీరింగు చదివిన షాహీన్ అక్కడుంటుంది. మేము పోయిన మర్నాడే వాళ్ళ అబ్బాయి అయాన్‌కు నాలుగేళ్ళు నిండుతున్నాయి. ఆ దేశంలో మనలాగా జూన్ పన్నెండున బడి తెరవడం, అందరూ ఒకేసారి చేరడం లేదు. ఏ పిల్లవాడికి నాలుగేళ్ళు నిండితే ఆ పిల్లవాడు అప్పుడు వచ్చి చేరతాడు. ఏడాది పొడుగునా ఒక్కొక్కరే వచ్చి కలుస్తుంటే టీచరు పాఠం ఎట్లా చెప్తుందో నా బుర్రకెక్కలేదు.

పుట్టినరోజు పిల్లవాడే క్లాసుకు తినడానికి ఏదైనా పట్టుకుపోవాలి. నేనూ షాహీనూ కూర్చొని చెనక్కాయ ఉండలు చుట్టాం, బెల్లం పాకంలో. గుమ్మంలోనే టీచరు ఆపేసింది. చెనక్కాయలు పడని పిల్లలున్నారట. ఇంకో దేశంలో నా పళ్ళెం రెండోసారి వెనక్కొచ్చింది. ఈసారి నాకు కోపం రాలేదు. "అలవాటైపోయిందమ్మా," అన్నాను తెలుగులోనే. సుధాకరూ నేనూ తిరుగు దారంతా అవే తిన్నాం.

అయాన్ తలకు కాగితం కిరీటం పెట్టారు. పిల్లలంతా గుండ్రంగా కుర్చీలేసుకొని కూర్చున్నారు, ఒక్కొక్కరూ ఏదో ఒకటి చెప్పాలి. ఒకమ్మాయి అగ్గిపెట్టెలో నత్తను తెచ్చింది. నా వంతూ వచ్చింది. వాళ్ళ గోడమీద గుడిసెంత ఆవు బొమ్మ ఉంటే, మా పుంగనూరు ఆవు మీ టీచరు నడుము దాకా కూడా రాదని చేత్తో ఎత్తు చూపించాను. షాహీన్ డచ్చిలో చెప్పింది. నమ్మలేదు వాళ్ళు! ఫోన్లో ఫొటో చూపిస్తే, దాన్ని ఇంట్లో పెట్టుకోవచ్చా, మంచమ్మీద పడుకుంటుందా అని ఒకటే ప్రశ్నలు.

అయాన్ వంతు వచ్చేసరికి వాడు కిరీటం కళ్ళమీదికి లాక్కొని మాట్లాడలేదు. టీచరు గద్దించలేదు, చెప్పు చెప్పు అని పీడించలేదు. కాసేపు చూసి, "సరే, రేపు చెప్దువులే," అని పక్క పిల్లవాడి దగ్గరికి పోయింది. నేనైతే వాడు నోరు తెరిచేదాకా వదిలేదాన్ని కాదు.

"ఈడ కూడా విడదీస్తారు ఆంటీ, కాకుంటే పన్నెండేళ్ళకి," అంది షాహీన్. "అప్పటికి వీడు మాట్లాడతాడులే."

లాస్యకు ఆ రెండేళ్ళు లేవు. కారెక్కాక అదే మెదిలింది మనసులో.

అవ్వ తిట్టదా?

మేం తిరిగొచ్చిన సాయంకాలం లాస్య మర్నాటి పరీక్షకు పెన్సిళ్ళు చెక్కుకుంటోంది. నెదర్లాండ్స్‌లో చూసింది గుర్తు పెట్టుకొని నోరు కట్టేసుకుందామనుకున్నాను. రెండు పెన్సిళ్ళ దాకా ఆగగలిగాను.

"అడగందే అమ్మైనా పెట్టదంటారు తల్లీ. ఆడ మాట్లాడందే మార్కైనా పెట్టరు. నీకు తెలిసింది ఒకటన్నా ఉంటాది గదా, వేలెత్తు."

లాస్య పెన్సిలు చెక్కడం ఆపింది. "ఎత్తితే కుప్పమవ్వ తిట్టదా?"

నేనేదేదో అనుకున్నాను. భాష రాక, భయం వల్ల, కొత్తవాళ్ళని. పిల్ల మనసులో ఉన్నది ఇది! ఇన్నాళ్ళూ అది క్లాసులో కూర్చొని అవ్వకిచ్చిన మాట నిలబెట్టుకుంటోంది. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

"అవ్వతో నేను మాట్లాడతాను. కుప్పం పోయి, ఎదురుగా కూర్చోని చెప్తాను. నువ్వు ముందు మాట్లాడెయ్, పర్మిషను నేను ఎనక తెస్తా."

మర్నాడు మధ్యాహ్నం అది ఇంటికొచ్చింది. ఎలా జరిగిందని అడగకముందే, "ఎత్తలేదు చిన్నవ్వా," అని చెప్పి గదిలోకి పోయింది. ఆ సాయంకాలమే నా విమానం. ఇంకో రెండు రోజుల పరీక్ష మిగిలుండగానే పిల్లను అలా వదిలేసి వచ్చాను. ఆకాశంలో వాళ్ళు పెట్టిన అన్నం నాకు సయించలేదు.

కుప్పం

పుంగనూరులో రెండు రోజులు నిద్ర తీర్చుకొని, చాక్లెట్ల డబ్బా పట్టుకొని పలమనేరు మీదుగా కుప్పం బస్సెక్కాను. వి.కోట దగ్గర బస్సాగితే రెండు మామిడికాయ ముక్కలు, ఉప్పూకారం చల్లినవి, కొనుక్కుతిన్నాను. ఇన్ని దేశాలు తిరిగినా నాలుక అప్పుడు లేచింది.

కుప్పమవ్వ పేరు మునెమ్మ, నాకు వదిన వరస. వీధి చివర నుంచే ఆమె గొంతు వినబడుతుంది. కరెంటు బిల్లు తెచ్చినబ్బాయితో, పాలాయనతో, ఆగకుండా మాట్లాడుతూనే ఉంటుంది. ఈమేనా నోరెత్తగూడదని నేర్పేది అని నాకు మళ్ళీ కోపమొచ్చింది. చాక్లెట్లు చేతిలో పెట్టి, కూర్చోకముందే మొదలుపెట్టాను.

"వదినా, నువ్వు నోరు మూసుకోమని చెప్పి చెప్పి, ఆడ పిల్ల సదువు పోయేట్టుండాది."

మొత్తం చెప్పాను. ఆమె అడ్డురాకుండా విన్నది. అదే వింత. చివరికి చీర చెంగుతో చాక్లెట్ల డబ్బా తుడుస్తూ చెప్పింది.

"నేను మూడో తరగతి సదవతా ఉంటే ఐవారు బోర్డు మీద కూడిక తప్పేసినాడు. లేసి తప్పు సార్ అనేసినా. సాయంకాలం మా నాయనకి చెప్పినారు, ఆడపిల్లకి ఇంత నోరేందని. మర్నాటి నుంచి బడి ల్యా. నోరు మూసుకోనుంటే నాకు సదువు మిగిలుండును గదమ్మా. దానికన్నా మిగలాలని అట్ల చెప్తాండాను. నేనేమన్నా దానికి పగా?"

కుప్పంలో నోరెత్తితే చదువు పోయింది. అక్కడ ఎత్తకపోతే పోతోంది. ఆమె లేచి రాగిసంగటి, చెనక్కాయ ఊరిబిండి పెట్టింది. తింటుండగా ఆమె ఫోను మోగింది. తెరమీద లాస్య, వెనక మాధవి ఏడుస్తోంది. తర్వాత చూస్తే మాధవి నవ్వుతూ ఏడుస్తోంది.

"వచ్చింది చిన్నమ్మా! గిమ్నాజియం వచ్చింది!"

నేను సంగటి చేత్తోనే ఫోను లాక్కోబోతే మునెమ్మ ఇవ్వలేదు. "నా తల్లే! నా బంగారే!" అని వీధంతా వినబడేట్టు అరిచి, మురిసిపోయి, అలవాటు ప్రకారం అనేసింది. "ఇంగ పెద్దోళ్ళ ముందర నోరెత్తకుండా బుద్దిగా సదువుకో తల్లీ."

తెరమీద లాస్య చూపుడువేలు పైకి లేచింది. ఇంకో చేత్తో మోచెయ్యి పట్టుకుంది.

"అవ్వా, నేనొకటి చెప్పల్నా?"

మునెమ్మ నావైపు చూసింది. "చెప్పు తల్లీ."

"మూడో రోజు ఆడ సారు బోర్డు మీద లెక్కేసినాడు. ఒక ఎచ్చవేత తప్పు పెట్టినాడు. అందరూ ఊరికే ఎక్కించుకుంటాండారు. నేను వేలెత్తి తప్పు సార్ అని చెప్పేసినాను అవ్వా. చెప్పినాక నాకు శానా భయమేసింది."

మునెమ్మ గొంతు సగానికి తగ్గింది.

"ఆయప్ప ఏమన్న్యాడు?"

"థాంక్స్ అన్నాడవ్వా."

మునెమ్మ ఫోను పక్కన పెట్టి కళ్ళు తుడుచుకొని, మళ్ళీ తీసి, ముఖానికి బాగా దగ్గరగా పెట్టుకుంది.

"నాకు సరిగ్గా ఇనబళ్ళేదు తల్లీ. ఇంగోసారి గట్టిగా చెప్పు. ఆ ఐవారు ఏమన్న్యాడు?"